చెరువు అడుగున వానల లెక్క

ఎండాకాలం. ఊరి చెరువు ఎండిపోయింది. పూడిక తీసే పని నడుస్తోంది. కొందరు గడ్డపారలతో తవ్వుతున్నారు. కొందరు తట్టలకు ఎత్తుతున్నారు. ట్రాక్టర్లు ఆ మట్టిని పొలాలకు తోలుతున్నాయి.

కట్ట మీద వేపచెట్టు నీడలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. విసుగ్గా అన్నాడు:

"మూడేండ్ల సంది మత్తడి దుంకలేదు. వానలు ఎటో పోయినయి. ఇంక ఈ చెరువు నిండదు. దీని మీద పైసలు పెట్టుడు దండుగ. పూడ్చి ప్లాట్లు చేస్తే నాలుగు రూపాయలన్నా వస్తయి."

పక్కనున్న వాళ్ళు కొందరు నిజమేనన్నట్టు తల ఊపారు.

గుంతలో పని చేస్తున్న ఒక అవ్వకు ఆ మాట వినబడింది. ఆమె ఏమీ అనలేదు. ఆమె చూపు గుంత గోడ మీద ఉంది. గడ్డపారతో నిలువుగా తెగిన గోడ అది. అందులో చారలు కనబడుతున్నాయి. అడుగున ముతక ఇసుక. దాని మీద నల్లని జిగట మట్టి. దాని మీద మళ్ళీ సన్నని ఇసుక. ఆపైన మళ్ళీ మట్టి.

అవ్వ మనవరాలు పట్నంలో డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చింది. అవ్వకు మంచినీళ్ళు తెచ్చింది.

"బిడ్డా, ఈ చారలేంది?" అని అడిగింది అవ్వ.

"వానలు, వరదలు పెట్టిన గుర్తులు అవ్వా. పెద్ద వాన పడితే వాగు జోరుగా వస్తది. ఇసుక మోసుకొస్తది. నీళ్ళు నిలకడగా ఉంటే సన్న మట్టి మెల్లగా అడుగుకు దిగుతది. పాతది కింద ఉంటది. కొత్తది పైన ఉంటది."

"అయితే ఈ చారలు చూసి ఎన్కట వానలు ఎట్ల పడ్డయో చెప్పొచ్చా?"

"ఈ చెరువుల అంతగా చెప్పలేం. కానీ కొన్ని సరస్సుల బురద చూసి చెప్పిండ్రు. వేల ఏండ్ల సంగతి తెలిసింది."

పెద్దాయన కట్ట మీది నుంచే అడిగాడు. "వేల ఏండ్లా? ఎవరు చూసిండ్రమ్మా?"

"చూసినోళ్ళు లేరు తాతా. బురదే సాక్షి."

ఆ సాక్ష్యం సంగతి ఇది.

మనిషి రాసిన లెక్క

వానను కొలిచి, అంకెల్లో రాసి పెట్టడం మన దేశంలో ఎప్పటి నుంచో లేదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దేశమంతటా పద్ధతిగా రాసిన లెక్క సుమారు 150 ఏళ్ళకే ఉంది.

అంతకు ముందు? శాసనాల్లో, పాత పుస్తకాల్లో అక్కడక్కడ కరువు మాట కనబడుతుంది. కానీ ఎంత వాన తగ్గింది, ఎన్నేళ్ళు తగ్గింది అన్నది అంకెల్లో ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళకు తాత చెప్పిన కరువు గుర్తుంటుంది. ముత్తాత నాటి కరువు గుర్తుండదు.

నూట యాభై ఏళ్ళు మనిషికి ఎక్కువే. వానలకు మాత్రం చాలా తక్కువ. వానలు మారడానికి ఒక్కోసారి వందల ఏళ్ళు పడుతుంది. అందుకే శాస్త్రవేత్తలు సరస్సుల అడుగుకు వెళ్ళారు.

ఎలాంటి సరస్సు కావాలి?

ఊరి చెరువు ఈ పనికి పెద్దగా పనికిరాదు. చెరువు ఎండాకాలంలో ఎండుతుంది. గొడ్లు దిగి తొక్కుతాయి. పూడిక తీస్తారు. కింది మట్టి పైకి, పై మట్టి కిందికి పోతుంది. పుటలు చింపి కలిపేసిన పుస్తకంలా అవుతుంది. పైగా చెరువు బురద వయసు చెరువు వయసే. చెరువు కట్టక ముందు సంగతి అందులో ఉండదు.

అందుకే మనిషి కట్టని సరస్సు కావాలి. చాలా కాలంగా ఉన్నది కావాలి. అడుగును ఎవరూ తవ్వనిది కావాలి. నీళ్ళు లోపలికి వచ్చే దారి ఉండి, బయటికి పోయే దారి లేకపోతే ఇంకా మంచిది. అలాంటి సరస్సులో నీటి మట్టం వాన మీద, ఎండ మీదే ఆధారపడుతుంది. వాన ఎక్కువైతే నీళ్ళు పెరుగుతాయి. వాన తక్కువైతే నీళ్ళు ఆవిరై తగ్గుతాయి.

అలాంటి సరస్సు ఒకటి మన పక్క రాష్ట్రంలోనే ఉంది.

లోనార్ సరస్సు

మహారాష్ట్రలో బుల్ఢాణా జిల్లా ఉంది. ఆ జిల్లాలో లోనార్ ఊరు ఉంది. ఊరి పక్కనే గుండ్రని పెద్ద గొయ్యి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాదాపు 1.8 కిలోమీటర్లు. ఆ గొయ్యి అడుగున సరస్సు ఉంది.

లవణాసురుడనే రాక్షసుణ్ణి విష్ణువు అక్కడ చంపాడని ఊళ్ళో కథ చెబుతారు. లవణం అంటే ఉప్పు. ఆ నీళ్ళు నిజంగానే ఉప్పన. సబ్బు నీళ్ళలా జారుగా, కారంగా కూడా ఉంటాయి.

గొయ్యి ఎలా పడింది? ఆకాశం నుంచి ఒక పెద్ద ఉల్క వచ్చి నల్లరాతి నేలను గుద్దింది. 2011లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం అది జరిగి సుమారు 5 లక్షల 70 వేల ఏళ్ళయింది.

గొయ్యిలోకి చిన్న ఊటలు, వాన వాగులు దిగుతాయి. బయటికి పోయే దారి లేదు. వచ్చిన నీళ్ళు ఎండకు ఆవిరి కావాల్సిందే. ఆవిరయ్యే నీళ్ళు ఉప్పును వదిలి పోతాయి. అందుకే సరస్సు ఉప్పగా అయింది. 2020 జూన్‌లో ఆ నీళ్ళు గులాబీ రంగుకు మారాయి. ఉప్పు బాగా పెరిగినప్పుడు, ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులు పెరిగి ఆ రంగు తెచ్చాయని పరిశోధకులు తేల్చారు.

నైరుతి రుతుపవనాలే లోనార్‌కు వాన తెస్తాయి. మన పొలాలకూ అవే తెస్తాయి. అందుకే లోనార్ బురద చెప్పే మాట మనకూ ముఖ్యం.

బురదను ఎలా తీస్తారు?

నీటి మీద తెప్పలాంటి వేదిక కడతారు. దాని మీది నుంచి పొడవైన గొట్టాన్ని నిలువుగా అడుగు బురదలోకి దింపుతారు. బోరు వేసేటప్పుడు రాయి, మట్టి పొడి పొడిగా పైకి వస్తాయి. ఇక్కడ అలా రాకూడదు. పొరలు చెదరకుండా, గొట్టంలో ఉన్నది ఉన్నట్టే పైకి రావాలి. ముక్క తరువాత ముక్క తీస్తారు. ఏ ముక్క ఎంత లోతుదో, ఏది పై కొసో గుర్తు పెడతారు. ఒక ముక్క తలకిందులైతే కథంతా తలకిందులవుతుంది.

తరువాత గొట్టాన్ని నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగం దాచి పెడతారు. ఇంకో సగం నుంచి కొద్ది కొద్దిగా బురద తీసి పరీక్షిస్తారు.

భారత, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి 2008లో లోనార్‌లో ఇలా బురద తీశారు. దాని పొడవు సుమారు 10 మీటర్లు. అందులో సుమారు 11,000 ఏళ్ళ బురద ఉంది.

ఏ పొర ఏ కాలానిది?

బురదలో ఆకు ముక్కలు, పుల్లలు దొరుకుతాయి. వాటి వయసు తెలిస్తే ఆ పొర వయసు తెలుస్తుంది.

చెట్టు అయినా, గొడ్డు అయినా, మనిషి అయినా బతికి ఉన్నంత కాలం కర్బనం తీసుకుంటూ ఉంటుంది. బొగ్గులో ఉండేది కర్బనమే. ఆ కర్బనంలో చాలా కొద్ది పాలు ఒక ప్రత్యేకమైన రకం. దాన్ని కర్బనం-14 అంటారు. ప్రాణం పోయాక కొత్త కర్బనం లోపలికి రాదు. ఉన్న కర్బనం-14 మెల్లగా తరిగిపోతుంది. 5,730 ఏళ్ళకు సగం అవుతుంది. ఇంకో 5,730 ఏళ్ళకు ఆ సగంలో సగం అవుతుంది.

16 గింజలు ఉన్నాయనుకోండి. మొదటి గడువుకు 8 మిగులుతాయి. రెండో గడువుకు 4. మూడో గడువుకు 2. ఎన్ని మిగిలాయో చూస్తే ఎన్ని గడువులు గడిచాయో చెప్పొచ్చు. ఇదీ అంతే. సుమారు 50,000 ఏళ్ళ వరకు ఈ లెక్క పనికొస్తుంది. ఆ పైన మిగిలేది కొలవలేనంత తక్కువ.

ఈ లెక్కలో కొన్ని పదుల ఏళ్ళు అటూ ఇటూ అవుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే అవుతుంది. అందుకే శాస్త్రవేత్తలు ఎప్పుడూ 'సుమారు' అంటారు.

బురదలో ఏం వెతుకుతారు?

మొదటిది ఉప్పు పలుకులు. ఉప్పు మడిలో నీళ్ళు ఎండితే ఉప్పు గడ్డకడుతుంది కదా. లోనార్‌లోనూ నీళ్ళు బాగా తగ్గినప్పుడు, ఉప్పు బాగా చిక్కబడినప్పుడు ఒక రకం పలుకులు ఏర్పడ్డాయి. అందులో సోడా, సున్నం కలిసి ఉంటాయి. దాని పేరు గేలుసైట్. ఏ పొరలో ఈ పలుకులు కనబడితే ఆ కాలంలో సరస్సు బాగా ఇంకిపోయిందని అర్థం.

రెండోది పుప్పొడి. పూల నుంచి రాలే పొడి అది. కంటికి దుమ్ములా కనబడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో రకం మొక్కది ఒక్కో ఆకారం. దాని పై తొడుగు చాలా గట్టిది. గాలి తగలని బురదలో వేల ఏళ్ళు కుళ్ళకుండా ఉంటుంది. అడవి చెట్ల పుప్పొడి ఎక్కువగా ఉంటే వానలు బాగున్నట్టు. గడ్డి, ముళ్ళపొదల పుప్పొడి పెరిగితే నేల ఎండినట్టు. లక్నోలో బీర్బల్ సాహ్ని పేరు మీద ఒక పరిశోధనా సంస్థ ఉంది. అది 1946లో మొదలైంది. పాతకాలపు మొక్కల జాడలు, పుప్పొడి చదవడం అక్కడ పెద్ద పని.

మూడోది నత్త గుల్లలు. నీటిలో తేలిక రకం ఉంటుంది, బరువు రకం ఉంటుంది. ఆ తేడా కంటికి తెలియదు. యంత్రంతో కొలిస్తే తెలుస్తుంది. ఎండకు తేలిక రకం ముందుగా ఆవిరవుతుంది. బరువు రకం ఎక్కువగా మిగులుతుంది. నత్త ఆ నీటితోనే తన గుల్ల కట్టుకుంటుంది. కరువు నాటి గుల్లలో బరువు రకం గుర్తు ఎక్కువగా ఉంటుంది.

ఒక్క గుర్తునే నమ్మి తీర్పు చెప్పరు. రెండు మూడు గుర్తులు ఒకే మాట చెప్పాలి. ఊరి పంచాయితీలో ఒక్కరి మాట విని తీర్పు చెబుతారా?

లోనార్ బురద ఏం చెప్పింది?

సుమారు 11,000 ఏళ్ళ కిందట వానలు బలపడ్డాయి. ఆ తరువాత కొన్ని వేల ఏళ్ళు మంచి వానలు పడ్డాయి. పోను పోను వానలు తగ్గుతూ వచ్చాయి. రెండు సార్లు మాత్రం చాలా తగ్గాయి.

మొదటిసారి, సుమారు 4,600 ఏళ్ళ కిందటి నుంచి 3,900 ఏళ్ళ కిందటి వరకు. అంటే దాదాపు 700 ఏళ్ళు.

రెండోసారి, సుమారు 2,000 ఏళ్ళ కిందటి నుంచి 600 ఏళ్ళ కిందటి వరకు. అంటే దాదాపు 1,400 ఏళ్ళు.

గేలుసైట్ పలుకులు దొరికింది ఈ రెండు కాలాల పొరల్లోనే. ఈ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. 700 ఏళ్ళు చినుకే పడలేదని కాదు. వాన సగటు తగ్గింది. చెడ్డ ఏళ్ళు తరచుగా వచ్చాయి. మధ్య మధ్య మంచి ఏళ్ళు కూడా ఉండి ఉంటాయి.

ఇంకో సాక్షి

ఒక్క సరస్సు మాట చాలదు. దూరంలో ఇంకో సాక్షి దొరికితే నమ్మకం పెరుగుతుంది.

హర్యానాలో కోట్లా దహర్ అని ఒక పాత సరస్సు ఉంది. లోనార్‌కు వందల కిలోమీటర్ల దూరం. ఇప్పుడు అక్కడ ఏడాది పొడవునా నీళ్ళు ఉండవు. భారత, ఇంగ్లండు శాస్త్రవేత్తలు అక్కడి పాత పొరల్లో నత్త గుల్లలు ఏరారు. ఆ గుల్లలను పరీక్షించారు. సుమారు 4,100 ఏళ్ళ కిందట అక్కడ వానలు ఒక్కసారిగా తగ్గాయని తేలింది. ఆ ఫలితం కూడా 2014లోనే అచ్చయింది.

4,100 ఏళ్ళ కిందట అంటే లోనార్ చెప్పిన మొదటి కరువు కాలం లోపలే. రెండు సాక్షులూ కలిశారు.

ఆ కాలంలోనే హరప్పా, మొహెంజొదారో పట్టణాలు ఉండేవి. సుమారు 3,900 ఏళ్ళ కిందటికి ఆ పట్టణాలు ఖాళీ అవుతూ వచ్చాయి. జనం చిన్న చిన్న ఊళ్ళకు చెదిరిపోయారు. వాన తగ్గడం ఒక కారణమని చాలామంది పండితులు అంటారు. అదొక్కటే కారణమని మాత్రం బురద చెప్పదు. నదులు దారి మార్చుకోవడం, వ్యాపారం తగ్గడం కూడా కారణాలు కావచ్చు.

ఇప్పటికి ఏం ఉపయోగం?

పాత కాలంలో వానలు వాటంతటవే మారాయి. సముద్రాల వేడి మారితే వానలు మారతాయి. లోనార్ పరిశోధకులు ఆ రెండు కరువులకూ దూరపు సముద్రాల వేడికీ సంబంధం చూపారు.

ఇప్పుడు దానికి ఇంకోటి తోడైంది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చిన పొగ వల్ల భూమి వేడెక్కుతోంది. రేపు వానలు ఎలా ఉంటాయో శాస్త్రవేత్తలు కంప్యూటర్లతో లెక్క వేస్తారు. ఆ లెక్క సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? జరిగిపోయిన వేల ఏళ్ళకు అదే లెక్క వేసి చూస్తారు. బురద చెప్పిన దానితో సరిపోతే నమ్మకం కుదురుతుంది. సరిపోకపోతే లెక్కను దిద్దుకుంటారు.

మళ్ళీ చెరువు దగ్గర

మనవరాలు చెప్పింది అంతా విని అవ్వ అడిగింది. "అన్ని వందల ఏండ్లు వాన తక్కువైతే మనుషులు ఎట్ల బతికిండ్రు బిడ్డా?"

"పడ్డ వానను ఆపుకొని బతికిండ్రు అవ్వా. రామప్ప చెరువు, పాఖాల చెరువు కాకతీయుల కాలంల, 13వ శతాబ్దంల కట్టినయి. లోనార్ బురద చెప్పిన రెండో కరువు కాలం లోపలనే. కరువుకే కట్టిండ్రని బురద చెప్పది. కానీ అసుంటి కాలాన్ని దాటి ఆ చెరువులు నేటికీ నీళ్ళు ఇస్తున్నయి."

పెద్దాయన కట్ట దిగి వచ్చాడు. గుంత గోడను చేత్తో తడిమి చూశాడు. "మరి మన చెరువు మూడేండ్ల సంది ఎందుకు నిండలేదు? వాన లేకనే గదా?" అన్నాడు.

"అది చూసి చెప్పాలె తాతా. అనుకుంటే సరిపోదు. మండలంల వాన కొలిచి రాస్తరు. ఆ లెక్క తెచ్చుకుందాం."

మర్నాడు అవ్వ, మనవరాలు మండల ఆఫీసుకు పోయారు. మూడేళ్ళ వాన లెక్క అడిగారు. మనవరాలు రాసుకుంది. అవ్వ పక్కన కూర్చుని అంకెలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. రాత్రి బడిలో నేర్చుకున్న అంకెలే అవి.

సాయంత్రం రచ్చకట్ట దగ్గర అవ్వ ఆ కాగితం విప్పింది. తనే చదివింది. మూడేళ్ళలో ఒక్క ఏడే వాన బాగా తక్కువ. మిగిలిన రెండేళ్ళు మామూలు వానే పడింది.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాన పడితే నీళ్ళు ఎటు పోయినట్టు?

కాసేపటికి పెద్దాయనే నోరు తెరిచాడు. "పైన వరద కాలువ కంపచెట్లతోటి మూసుకపోయింది. నేనే చూసిన. చూసి కూడా వానను తిట్టుకుంట కూసున్న."

మరుసటి రోజు పూడిక పనికి వచ్చిన వాళ్ళలో సగం మంది గొడ్డళ్ళు పట్టుకుని వరద కాలువ దారి పట్టారు. పెద్దాయన ముందు నడిచాడు.

చర్చించండి

1. మీ ఊరి చెరువు ఎప్పుడు మత్తడి దుంకింది? మీ పెద్దలను అడిగి రాయండి.

2. మీ మండలంలో గత 5 ఏళ్ళలో ఎంత వాన పడింది? లెక్క తెచ్చి అందరికీ చదివి వినిపించండి.

3. మీ చెరువుకు నీళ్ళు వచ్చే కాలువ ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ మూసుకుపోయింది? గుంపుగా నడిచి చూసి రండి.

4. చెరువు నిండకపోతే వాన తక్కువని వెంటనే అనుకోవచ్చా? ఇంకా ఏ కారణాలు ఉండవచ్చు?